ఆపిల్ పండ్లు ఉడకబెట్టినాయన

మా వైపు ఆపిల్ పండ్లు కొనడం అంత తేలిక కాదు. ధర సంగతి కాదు నేననేది, సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. మొన్న ఖమ్మం బస్టాండు ఎదుట ఒక కిలో తూయించుకుంటున్నాను. బండి మనిషి కవరు ముడివేస్తూ ముఖం దిగాలుగా పెట్టుకుని, "ఏ దవాఖాన్ల ఉన్నరు సార్? ఎవరికి సుస్తీ?" అని అడిగాడు. ఎవరికీ లేదయ్యా, నాకే తినాలనిపించింది అన్నాను. నమ్మలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మంచిగైతది పోండ్రి సార్" అని ఇంకో పండు కొసరు వేశాడు. నాకే ఏదో పెద్ద రోగం ఉందని తేల్చుకున్నట్టున్నాడు.

అతని తప్పేం లేదు. జామపండు, సీతాఫలం, ఎండాకాలంలో అడవి నుంచి వచ్చే తునికి పండు, ఇవన్నీ తిరిగే మనుషులు తినేవి. ఆపిల్ మంచంలో ఉన్నవాళ్ళది. ఎవరికైనా బాగాలేదని తెలిస్తే ఒక చేతిలో ఆపిల్ కవరు, మరో చేతిలో బ్రెడ్డు పట్టుకుని బయలుదేరడం మా మర్యాద. ఆపిళ్ళు పట్టుకుని రోడ్డు మీద నవ్వుతూ నడిచేవాణ్ణి మా దగ్గర అదోలా చూస్తారు.

ఆ కొసరు పండుతో నాకు సారపాకలో మా ఇంటి ఓనరు గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పేరు రాయను. రాస్తే ఆయన మురిసిపోయేవాడు, ఆయన భార్య తిట్టేది. ఆయన లేడు, ఆమె ఉంది. కనుక రాయకపోవడమే నాకు క్షేమం.

ఆరేడేళ్ళ కిందటి మాట. సెల్‌ఫోనుకు ఇన్‌కమింగ్ ఉచితమని జనం పండగ చేసుకుంటున్న రోజులు. నేను సారపాకలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పడానికి కల్లూరు నుంచి వెళ్ళి, వాళ్ళింటి ముందుగది కిరాయికి తీసుకున్నాను. వెనక రెండు గదుల్లో ఆయనా, ఆమే. పిల్లలు లేరు. ఆయనది జూలూరుపాడు దగ్గర పల్లె. కుర్రతనంలో వచ్చి ఇక్కడి కాయితం మిల్లులో చేరాడు. ముప్పై ఏళ్ళూ డైజెస్టరు దగ్గరే పని. డైజెస్టరంటే ఏదో అనుకునేరు, వెదురు ముక్కల్నీ జామాయిలు ముక్కల్నీ మందు నీళ్ళు పోసి, ఆవిరి పట్టి, గుజ్జయ్యేదాకా ఉడికించే మూడంతస్తుల కుక్కరు. ఆ గుజ్జును కడిగి, పిండి, ఆరబెడితే కాయితం, అట్ట. ఉడికిన నల్ల నీళ్ళు వేరే దారిన పోతాయి. ఆ నీళ్ళతో ఏం చేస్తారో ఆయనకు అక్కర్లేదు, అది పక్క సెక్షను వాళ్ళ పని.

రిటైరయ్యాక జీతం ఆగింది గానీ డ్యూటీ ఆగలేదు. ఇంట్లో రోజును మూడు షిఫ్టులుగా విభజించాడు. పొద్దున చాయ్ ఫస్ట్ షిఫ్టు, మధ్యాహ్నం అన్నం సెకండ్ షిఫ్టు. నేను బడి నుంచి వచ్చేసరికి అరుగు మీద నిలబడి ఉండేవాడు. ఎందుకంటే "షిఫ్టు మారె టైమ్ల కూసుంటే ఎట్ల సార్?" అనేవాడు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆమెను పిన్నీ అనేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను సార్ అనే అనేవాడు. అద్దె తీసుకునేటప్పుడు కూడా లేచి నిలబడే తీసుకునేవాడు.

ఏ వస్తువునైనా వేలి కణుపుతో కొట్టి చూడటం ఆయన అలవాటు. మిల్లులో పైపుల్ని అలా కొట్టి లోపల ఎంతవరకు నిండిందో చెప్పేవాడట. ఇంటికి కొన్న పుచ్చకాయను కొట్టడం సరే, నా గ్యాసు సిలిండరును వారానికోసారి కొట్టి, "ఇంకా పదకొండు రోజులొస్తది" అనేవాడు. సరిగ్గా వచ్చేది. చర్చిలో కొత్తగా కొన్న డోలును కొట్టి, "దీన్ల ఎలుక ఉన్నది" అన్నాడట ఆరాధన మధ్యలో. ఎలుక ఉంది. ముక్కు మాత్రం పనిచేసేది కాదు. ఇన్నేళ్ళు ఆవిరి ముందు నిలబడి మల్లెపూవుకూ మాడిన కూరకూ తేడా తెలియని స్థితికి వచ్చాడు.

ఇంకొకటి ఉంది. అబద్ధం ఆడటం చేతకాదు. ఆడకూడదనే నియమం ఉన్నవాళ్ళు వేరు, వాళ్ళు కష్టపడి నిజం చెప్తారు. ఈయనకు అసలు ఆ విద్య రాలేదు. నేను కొత్త చొక్కా వేసుకుని ఎలా ఉంది బాబాయ్ అంటే, "మీకు బాగలేదు సార్, చొక్కా మంచిగున్నది" అన్నాడు.

ఆ ఏడాది వానాకాలంలో పిన్నికి కడుపు ఆపరేషన్ అయింది. నది దాటి భద్రాచలం దవాఖానాలో చేశారు. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చాక జ్వరం పట్టుకుంది. జ్వరమూ తగ్గింది. తిండి మాత్రం మళ్ళీ మొదలుకాలేదు. గంజి పోస్తే వాంతి, చారన్నం చూస్తే వికారం. గట్టిగా ఉండే మనిషి, నీళ్ళ బిందె చంకనెత్తుకుని అరుగులెక్కేది, మూడు వారాల్లో మంచానికి అంటుకుపోయింది. లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకునేది. ఆయన మంచం పక్కన కూర్చుని ఆమె కడుపు మీద వేలి కణుపుతో మెల్లగా కొట్టి, "అంతా ఖాళీనే ఉన్నది" అన్నాడు ఒకరోజు. ఆమె కళ్ళు తెరవకుండానే ఆ చెయ్యి తోసేసింది. ఆ వారంలో ఆమె చేసిన పెద్ద పని అదే.

చూడవచ్చిన వాళ్ళు అమ్మకెట్ల ఉన్నది అని అడిగితే ఆయన అక్కడే, ఆమె వింటుండగానే, "బాగలేదు. గిట్లనే ఉంటే పోతది" అనేవాడు.

"జర మెల్లగనన్న అనవయ్యా" అని లోపల్నుంచి నీరసంగా వినబడేది.

"ఇట్లనే ఉంటే పోతది" అని ఆయన మెల్లగా అనేవాడు.

డాక్టరు కూడా ఇంచుమించు అదే చెప్పాడు. సోమవారం దాకా చూస్తానన్నాడు. అప్పటికీ కడుపులోకి ఏమీ పోకపోతే తీసుకొచ్చి పడుకోబెట్టమన్నాడు, ముక్కులోంచి పైపు వేసి పోస్తామన్నాడు. పిన్ని ఆ పైపు మాట విని, "అది పెట్టించుకునే కన్న ఈడనే పోత" అంది. అన్నంత పనీ చేసే మనిషి. ఇదంతా బుధవారం నాటి సంగతి.

ఈలోగా ఇంటి నిండా ఆపిళ్ళు. చర్చి వాళ్ళు, మిల్లు వాళ్ళు, రిటైరైన వాళ్ళు, వాళ్ళ బంధువులు, అందరూ కవరు పట్టుకునే వచ్చారు. మంచం కింద ఆపిళ్ళు, కుట్టుమిషను మీద ఆపిళ్ళు, బియ్యం డబ్బా మీద ఆపిళ్ళు. నేను చెప్పులు వేసుకోబోతే చెప్పులో ఒక ఆపిల్. వాటిని పిన్ని తినదు, ఆ తెల్లటి ముక్క కనబడితేనే కడుపులో తిప్పుతోందనేది. పోనీ మేం తిందామంటే ఆయన ఒప్పుకోడు. "చూడొచ్చినోళ్ళు ప్రార్థన చేసి తెచ్చిన్రు సార్. మనం తింటే ఆ ప్రార్థన మనకు పోతది. మనకేమున్నది రోగం? వేస్టయితది" అన్నాడు. ఆ లెక్క నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు గానీ తప్పు పట్టలేకపోయాను.

దవాఖానాలో ఒక కేరళ నర్సు ఉండేది. ఆమె దయతలచి ఒక ఉపాయం చెప్పింది. ఆపిళ్ళను తొక్కతో సహా ముక్కలు చేసి, దాల్చినచెక్క, లవంగాలు, శొంఠి వేసి బాగా ఉడికించి, వడగట్టి, బెల్లం వేసి చిక్కటి పాకం చేయాలి. రెండు చెంచాలు వేడినీళ్ళలో కలిపి పట్టిస్తే నోరు బాగుపడి, ఆకలి పుడుతుందంది. ఆయన మందుల చీటీ వెనక అంతా రాసుకున్నాడు. వరసగా, నంబర్లు వేసి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ చీటీని నాకు నాలుగుసార్లు చదివి వినిపించాడు. గోదావరి బ్రిడ్జి దిగేసరికి ఆయన ముఖంలో మూడు వారాల తర్వాత ఒక వెలుగు కనిపించింది. ఉడకబెట్టడమన్నమాట! ఆయనకు తెలిసిన పని.

గురువారం పొద్దున వంటింటి గోడ మీద సుద్దముక్కతో "చార్జింగ్ 9.40" అని, డైజెస్టరు నింపిన టైము రాసినట్టే రాసి మొదలుపెట్టాడు. ముందు ఆపిళ్ళన్నిటినీ కొట్టి చూసి రెండు కుప్పలు చేశాడు. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలన్నాడు, లేకపోతే ఒకటి ఉడికి ఒకటి ఉడకదట. నా బడి స్కేలు తీసుకుపోయాడు. నేను బడికి సెలవు పెట్టాను. ఎందుకంటే సెకండ్ షిఫ్టుకు మనిషి కావాలన్నాడు.

పెద్ద దేగిశాలో మూడు కిలోలు ఉడికాయి. దాల్చినచెక్క, లవంగం, ఆపిల్ కలిసిన వాసన వీధి చివరిదాకా పోయింది. ఆయనకు తప్ప అందరికీ తెలిసింది. ఉడికాక పాత పంచెలో పోసి, ఒక కొస ఆయనా ఒక కొస నేనూ పట్టుకుని మెలితిప్పాం. ఎర్రటి, జిగురు జిగురు రసం ధారగా కారి, దొడ్డి గచ్చు మీదుగా మోరి కాలవలోకి పోయింది. గుజ్జు పంచెలో మిగిలింది.

నేను లెక్కల మాస్టర్ని. మూడు కిలోల పండ్లలో మంచిదంతా కాళ్ళ కింద నుంచి పోతుంటే నాకూ అనుమానం రాలేదు. చేతులు కాలుతుంటే బుర్ర పనిచెయ్యదు. పైగా ఆయన అంత ధీమాగా చేస్తున్నాడు. వడగట్టమంది, వడగట్టాడు. వడగట్టాక గుడ్డలో మిగిలేదే సరుకని ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసు చెప్తోంది.

అంతటితో ఆగినా బాగుండు. ఆ గుజ్జును మూడు బకెట్ల నీళ్ళతో కడిగాడు. ఎందుకు బాబాయ్ అన్నాను. "కడగకుంటే నల్లగ ఉంటది సార్. మిషను వాళ్ళు తీసుకోరు" అన్నాడు. మిషను వాళ్ళెవరో నేను అడగలేదు. తెల్లగా అయ్యేదాకా కడిగి, బెల్లం కాస్త కలిపి, చపాతీ కర్రతో పళ్ళెం మీద పలచగా తట్టి, ఎండకు పెట్టాడు. సాయంత్రానికి అది కమిలి, అంచులు లేచి, పళ్ళెం నుంచి శబ్దం చేస్తూ ఊడివచ్చింది. దీపం ముందు పెట్టి చూశాడు. ఎక్కడా గడ్డలు లేవు.

"మా మిల్లుల గూడ గింత నున్నగ రాలే సార్" అన్నాడు. ఆయన గొంతులో నిజమైన గర్వం ఉంది.

దాన్ని చతురస్రంగా కత్తిరించి పిన్ని మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె ఇటు తిరిగి, ఆ ముక్కను వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందిది?"

"ఆపిల్."

"తినాలెనా, దీని మీద రాయాలెనా?"

ఆయన అబద్ధం ఆడలేడని చెప్పాను కదా. ఒక అంచు తుంచి నోట్లో వేసుకుని, కొంతసేపు నమిలి, న్యాయంగా ఆలోచించి, "రాయొచ్చు" అన్నాడు. ఆమె మళ్ళీ గోడవైపు తిరిగింది.

శుక్రవారం లోపం ఎక్కడుందో ఆయన కనిపెట్టాడు. ఉడుకు చాలలేదు, ఆవిరి పట్టాలి. ప్రెషర్ కుక్కరు దించాడు. మిల్లు నుంచి తెచ్చుకున్న పసుపు హెల్మెట్ పెట్టుకున్నాడు. నాకు హెల్మెట్ లేదని తలమీద అల్యూమినియం గిన్నె బోర్లించి, "సేఫ్టీ ఫస్ట్" అన్నాడు. వెదురు మెత్తబడటానికి మిల్లులో మందు కలుపుతారు కాబట్టి వంటసోడా రెండు చెంచాలు వేశాడు. పదహారో కూతకు కుక్కరు చేసిన పని నేను వర్ణించలేను. పైకప్పు మీద దాల్చినచెక్క ముక్క ఒకటి నేను ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా అంటుకునే ఉంది. రసం మళ్ళీ మోరిలోకే పోయింది. గుజ్జును ఈసారి నాలుగు బకెట్లతో కడిగాడు.

ఆ రాత్రి ఆయన గోడమీద "రిజెక్ట్" అని రాసుకుని, సుద్దముక్క చేతిలో పట్టుకుని వంటింట్లోనే కూర్చుండిపోయాడు. నేను అన్నం తిందురమ్మంటే, "ఇంక రెండు రోజులే ఉన్నయ్ సార్" అన్నాడు. నాకు అప్పటిదాకా ఇదంతా నవ్వులాటగానే ఉంది. ఆ మాటతో నవ్వు పోయింది.

శనివారం ఎండ ఇంకా ముదిరింది. రెండు రోజుల ఆపిల్ రసం, బెల్లం, లవంగం, మోరీలో నిలబడి పులిసింది. మధ్యాహ్నానికి వీధిలో ఆ వాసనకు పేరు పెట్టేశారు. ఎవరి దొడ్లోనో గుడుంబా కాస్తున్నారు అన్నారు. మోరి వెంట ముక్కులు పట్టుకుంటూ వచ్చి చూస్తే అది చర్చిలో సంఘ పెద్దయిన మా బాబాయ్ ఇల్లు! రెండు పందులు ఆ మోరి దగ్గర నుంచి కదలమంటున్నాయి. సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. పరామర్శకే వచ్చానన్నారు గానీ కుర్చీలో కూర్చున్నాక కళ్ళు దొడ్డివైపే ఉన్నాయి.

"వందనాలు అయ్యగారూ. జర రుచి చూసి చెప్పండ్రి" అని ఆయన ఒక అట్టముక్క చేతిలో పెట్టాడు.

అయ్యగారు మర్యాదస్తులు. నోట్లో వేసుకున్నారు. ప్రార్థన చేద్దామని లేచి నిలబడ్డారు. పిన్ని మంచం చుట్టూ మేం తలలు వంచుకున్నాం. ఎంతసేపటికీ ప్రార్థన రాదు. తలెత్తి చూస్తే అయ్యగారు కళ్ళు మూసుకుని ఇంకా నములుతున్నారు. చివరికి "ఆమెన్" ఒక్కటి వినిపించింది. ఆ రోజుకు అదే ప్రార్థన.

ఆదివారం మూడో బ్యాచ్. ఆరాధన నుంచి వచ్చి తెల్లచొక్కా మీదే పొయ్యి దగ్గర కూర్చున్నాడు. హెల్మెట్ లేదు, స్కేలు లేదు, గోడమీద టైము కూడా రాయలేదు. ముక్కలు ఎలా పడితే అలా కోశాడు. నేను కోస్తానంటే వద్దన్నాడు. దేగిశా దించి, దొడ్లోకి తెచ్చి, పంచెలో వడగట్టాం. ఈసారి కింద బకెట్టు పెట్టాం, పందుల బాధ పడలేక. బకెట్టు తీసుకెళ్ళి మోరి దగ్గర వంచాడు.

సరిగ్గా అప్పుడే కట్టెల మోపుతో అడవి పల్లె నుంచి వచ్చే ఆమె వెనక తడిక తీసుకుని లోపలికి వచ్చింది. మూడు రోజులకోసారి వచ్చి కట్టెలు వేసిపోయే మనిషి. మోపు దించకుండానే అలాగే నిలబడి చూసింది.

"ఓ పెద్దయ్యా, రసం పోస్తున్నవేంది?"

"మరేం జెయ్యాలె?"

"తాగాలె. ఇప్పపువ్వు ఉడకేస్తే మేం రసం చిక్కగ కాగబెట్టుకుంటం. పిప్పి మేకలకేస్తం. మీ ఇంట్ల మేకలున్నయా?"

ఆయన చేతిలో బకెట్టు అలాగే వంగి ఉంది. నేను గబుక్కున పట్టుకున్నాను. సగం మిగిలింది. ముగ్గురమూ ఆ సగం బకెట్టు చుట్టూ నిలబడ్డాం.

లోపలి గది కిటికీ దొడ్లోకే ఉంది. మంచం కిర్రుమంది.

"ఏమయ్యా."

"ఆఁ."

"మూడు దినాల సంది రసం ఏడ పోసినవ్?"

"మోరిల."

"అంత?"

"అంత. ప్రాసెస్ గదేననుకున్న."

"నువ్వు నాకు పెట్టింది?"

"పిప్పి."

మళ్ళీ మంచం కిర్రుమంది. పాదాల చప్పుడు. పిన్ని గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వెతుక్కుంటున్నట్టు వేసుకుంటూ, దొడ్డి గుమ్మం దాకా వచ్చింది. మూడు వారాల్లో ఆమె ఎవరి భుజం పట్టుకోకుండా నడవడం అదే మొదలు. ఆయన ఎదురెళ్ళబోతే చేత్తోనే ఆపింది. పొయ్యి ముందు పీట లాక్కుని కూర్చుంది. ఆయాసం వస్తోంది. ఆయన్ని, నన్ను, కట్టెలామెను, గోడమీద సుద్ద రాతల్ని, పైకప్పు మీది దాల్చినచెక్కను ఒక్కొక్కటిగా చూసింది.

"జరుగు" అంది ఆయనతో.

ఆయన జరిగాడు. ఆ సగం బకెట్టు రసం దేగిశాలో పోయించి, సన్నమంట పెట్టించి, బెల్లం ఆమే చేత్తో నలిపి వేసింది. లవంగాలు మళ్ళీ వేయించి దంచమంది. శొంఠి ఏదని అడిగింది. ఎక్కడుందో ఆయనకు తెలియదు, ఆయన ఆవాల డబ్బా ఇచ్చాడు. ఆమె దాన్ని ఆయన చేతికే తిరిగి ఇచ్చి, శొంఠి డబ్బా వేలితో చూపించి తెప్పించుకుంది. గంటన్నర పైనే పట్టింది. కట్టెలామె కూడా పోకుండా కూర్చుని మంట ఎగదోసింది. రసం ముదిరి, ఎర్రబడి, బుడగలు పెద్దవై, గరిటె వెంట సాగడం మొదలుపెట్టింది. పిన్ని చుక్క తీసి వేళ్ళ మధ్య పట్టి చూసింది. సన్న తీగ వచ్చింది. ఆడవాళ్ళు వంటింట్లో ఎప్పుడూ చేసేట్టే, ఆలోచించకుండా ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

ఆయన వాంతి గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఆమె ఇంకోసారి వేలు ముంచి నాకింది. "శొంఠి చాలలే" అంది.

వేడినీళ్ళలో కలిపి ఇస్తే అరగ్లాసు తాగింది. కాసేపాగి మిగతా సగం తాగింది. మేం ఆమె ముఖంలోకే చూస్తున్నాం. "ఏం జూస్తున్నరు? పనుల్లేవా మీకు?" అంది. దీపాలు పెట్టే వేళకు చారుతో నాలుగు ముద్దలు అన్నం తింది. సోమవారం దవాఖానాకు వెళ్ళారు. పైపు అవసరం రాలేదు.

ఆ తర్వాత ఆయన ఆ వీధికి పాకం మనిషి అయిపోయాడు. ఎక్కడ ఎవరు మంచం పట్టినా సంచితో వెళ్ళి ఆపిళ్ళన్నీ పట్టుకొచ్చేవాడు, రెండు రోజులకు సీసాలో పాకం తీసుకెళ్ళి ఇచ్చేవాడు. పిన్ని పక్కన నిలబడితేనే చేయనిచ్చేది. పాకం ఇచ్చేటప్పుడు మొత్తం కథ చెప్పేవాడు, మోరితో సహా, పందులతో సహా. "నేను మూడు దినాలు మంచి సరుకు పారబోసిన" అని ఏమాత్రం సిగ్గులేకుండా చెప్పుకునేవాడు.

జనానికి అది నచ్చలేదు. అంత పెద్దమనిషి, సంఘ పెద్ద, అంత తెలివితక్కువ పని ఎలా చేస్తాడు? మెల్లగా వాళ్ళే కథను బాగుచేశారు. భార్యను మంచం మీద నుంచి లేపడానికే ఆయన కావాలని రసం పారబోశాడన్నారు. వంటిల్లు పాడుచేస్తే ఏ ఆడది పడుకుంటుందని లోపల ఎంత ఆలోచన చేశాడో చూడండన్నారు. ఆయన మొత్తుకునేవాడు. "కాదయ్యా, నాకు నిజంగ తెల్వదు" అనేవాడు. అది విని వాళ్ళు, ఎంత వినయమో అనేవాళ్ళు. కాదన్నకొద్దీ ఆయన పేరు పెరిగింది. నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చి కల్లూరు వైపు వచ్చేసే నాటికి ఆయన తెలివి గురించి బూర్గంపాడు దాకా చెప్పుకుంటున్నారు. నన్ను సాగనంపడానికి బస్టాపు దాకా వచ్చి, "సార్, మీరు చూసిన్రు గద. మీరన్న చెప్పండ్రి వీళ్ళకు" అన్నాడు. నేను చెప్పాను. నన్నెవరూ నమ్మలేదు.

ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నిద్రలోనే పోయాడట. మంచం పట్టలేదు, ఎవరూ ఆపిళ్ళు తెచ్చే అవసరం రాలేదు. ఆయన జ్ఞాపకార్థం చర్చి వాళ్ళు పెట్టిన ఆదరణ కూడికకు వెళ్ళాను. వీధిలో షామియానా వేశారు. మిల్లు వాళ్ళూ సంఘం వాళ్ళూ చాలామంది వచ్చారు. ముందు వరసలో పిన్ని తెల్లచీరలో కూర్చుని ఉంది. గట్టిగానే ఉంది. నన్ను చూసి తల ఊపింది.

అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా ఎదురుచూస్తున్న కథ వచ్చింది. "మన సహోదరుడు తన భార్య మరణపు అంచున ఉన్నప్పుడు ఎంత జ్ఞానంతో ప్రవర్తించాడో చూడండి. తెలియనివాడిలాగా నటించాడు. మంచి రసాన్ని తన చేతులతో పారబోశాడు. ఎందుకు? తన భార్య లేవాలని..." జనం తలలు ఊపుతున్నారు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు.

పిన్ని లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్క మాట."

అయ్యగారు ఆగారు. సాక్ష్యం చెప్తుందనుకున్నారు. ఎవరో మైకు అందించబోతే వద్దంది.

"మీరు తప్పనుకోవద్దు. ఆయన ఏ ఉపాయం చెయ్యలే. ఆయనకు నిజంగ తెల్వదు. బతికున్నన్ని రోజులు తెల్వదు తెల్వదని మొత్తుకున్నడు, ఒక్కలన్న ఇనలే. పోయినంక గూడ ఆయన మీద గీ అబద్ధం పెడితే ఎట్ల?"

వెనక ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఆ ఆదివారం నేను పోదామనే ఉన్న. ఇగ తీస్కపో అని ప్రభువుకు చెప్పుకున్న గూడ. గోడ దిక్కు తిరిగి అదే అనుకుంటున్న. గప్పుడు ఈయన రసం మోరిల పోసి, నాకు పిప్పి పెట్టిన అని చెప్పిండు. అయ్యో, నేను పోతే ఈ మనిషి నాలుగు దినాలు గూడ బతకడు గద అనిపించింది. అందుకే లేచిన."

ఆమె కొంగు సర్దుకుంది.

"తెలివైనోడైతే నేను లేచేదాన్నే కాదు" అని కూర్చుంది.

నాకు ఏడుపు ఆగలేదు. అయ్యగారు బైబిలు మూసి, ఆయన కూడా కూర్చున్నారు.